కూల్చివేతల లెక్క చదవడం – 4వ పాఠం: పదిహేడు వరసల రోజు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ పైలట్ శత్రు విమానం కూల్చానని ఇచ్చే కూల్చివేత నివేదికలో ఏ గడిలో ఏముంటుందో గత పాఠంలో చూశాం. ఇప్పుడు దాన్ని ఎదుటి పక్షం నష్టాలతో సరిచూడటం నేర్చుకుందాం.

ఉదాహరణ హన్స్-యోఆఖిమ్ మార్సే. యాగ్ట్‌గెష్వాడర్ 27 అనే జర్మన్ ఫైటర్ దళంలో పేరు తెచ్చుకున్న పైలట్. ఆయన ఖాతాలో 158 కూల్చివేతలు ఉన్నాయి: ఇంగ్లిష్ ఛానల్ మీద 7, ఉత్తర ఆఫ్రికాలో 151. ఈజిప్టులో ఆలం హల్ఫా పోరు సాగుతున్న 1942 సెప్టెంబరు 1న ఒక్క రోజే 17 రాశారు. పొద్దున 4, పదకొండు గంటల ప్రాంతంలో 8, సాయంత్రం 5.

ఈ అంకె వినగానే కొందరు అలాగే నమ్మేస్తారు, కొందరు నాజీ ప్రచారమని కొట్టిపారేస్తారు. ఆనాటి జర్మన్ వార్తాచిత్రాలు ఆయన్ని ఆకాశానికెత్తిన మాట నిజమే. అంతమాత్రాన నివేదిక తప్పైపోదు, ఒప్పూ అయిపోదు. ఒక్కో వరసా జతపడాలి.

కాగితం అడ్డంగా పెట్టి ఏడు నిలువు గడులు గీయండి: జర్మన్ సమయం, సరిచేసిన సమయం, చోటు, ఎత్తు, చెప్పిన విమానం రకం, ఎదుటి స్క్వాడ్రన్, ఆ విమానం చివరికి ఏమైంది. ఒక కూల్చివేతకు ఒక వరస.

ముందు గడియారం. జర్మన్ సమయం అప్పుడు గ్రీనిచ్ కంటే 2 గంటలు ముందుండేది. ఈజిప్టు వేసవి సమయం 3 గంటలు ముందు. కాబట్టి జర్మన్ కాగితంలోని 10:55 బ్రిటిష్ డైరీలో 11:55 కావచ్చు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: 10:55కి నష్టం కనబడకపోతే వెంటనే 'అబద్ధం' అని రాసేస్తారు. అలాగని అన్నిటికీ కళ్లు మూసుకుని గంట కలపకండి. రెండు పక్షాలూ రాసుకున్న ఒక ఘటనను, ఉదాహరణకు స్టూకాల (జర్మన్ డైవ్ బాంబర్ల) దాడిని, పట్టుకుని ఆ రోజుకు తేడా ఎంతో ఖాయం చేసుకోండి.

విమానం రకంతో వెతుకులాట మొదలుపెట్టొద్దు. 'కర్టిస్' అన్నది అమెరికా కర్టిస్ కంపెనీ ఫైటర్లలో టోమహాక్ కావచ్చు, కిట్టీహాక్ కావచ్చు. గింగిరాలు తిరిగే పోరులో బ్రిటిష్ ఫైటర్ హరికేన్‌ను కూడా అలా పొరబడవచ్చు. ముందు సమయం, తర్వాత చోటు, చివర్న రకం.

బ్రిటిష్ స్క్వాడ్రన్ల రికార్డు పుస్తకాలు లండన్‌లో క్యూ అనే ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 శ్రేణిలో ఉంటాయి. ఫారం 540లో రోజు సారాంశం, ఫారం 541లో ఒక్కో విమానం నంబరు, పైలట్, లేచిన సమయం, దిగిన సమయం. 541నే ముందు తెరవండి. దిగిన సమయం గడి ఖాళీగా ఉందంటే వేలు అక్కడ ఆపండి. మరో చిక్కు ఉంది: ఇసుకలో పొట్టమీద దిగిన విమానాన్ని తీసుకెళ్లి బాగుచేసేవారు. పైనున్నవాడికి అది కూలినట్టే కనబడుతుంది, నష్టాల పట్టికలో మాత్రం ఉండదు. అలాంటి వరసలో 'దిగింది, బాగుచేశారు' అని రాయండి.

ఒక నష్టాన్ని ఒక్క వరసకే కట్టాలి. ఆ గంటలో మిగతా జర్మన్ పైలట్లు, ఇటాలియన్లు, విమాన విధ్వంసక తుపాకుల వాళ్లు తామే కూల్చామని చెప్పుకున్నవి కూడా పక్కన పెట్టుకోకపోతే కూలిన ఒక్క విమానమే మూడు చోట్ల లెక్కకొస్తుంది.

తూటాల లెక్కా చూద్దాం. మార్సే నడిపిన జర్మన్ ఫైటర్ బీఎఫ్ 109 ఎఫ్-4కు 20 మి.మీ. ఫిరంగి ఒకటి, దానికి 200 తూటాలు, 7.92 మి.మీ. తుపాకులు రెండు, ఒక్కోదానికి 500. ఎనిమిది కూల్చాలంటే ఒక్కోదానికి సగటున 25 ఫిరంగి తూటాలు. నిమిషానికి సుమారు 700 చొప్పున అది రెండు సెకన్ల కాల్పు. దగ్గరికెళ్లి, మలుపులో శత్రువు ముక్కుకు ముందు గురిపెట్టి కొట్టే మార్సేకు అది అసాధ్యం కాదు. ఈ లెక్క 'వీలవుతుంది' అని చెబుతుంది, 'జరిగింది' అని కాదు.

సాక్షి ఎవరో చూడండి. మార్సే జోడీ పైలట్ రైనర్ పెట్గెన్‌ను 'ఎగిరే లెక్కల యంత్రం' అనేవారు. సమయం, చోటు గుర్తుపెట్టుకునే పని ఆయనది. కళ్లు ఒక్క జతే అయినప్పుడు ఆ వరస పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టుకోండి. ఇదే గెష్వాడర్‌లో నలుగురు పైలట్లు 1942 ఆగస్టులో ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుని లేని విజయాలు రాయించుకున్నారు.

చివరి గడి పైలట్ సొంత నష్టానికీ వర్తిస్తుంది. 1942 సెప్టెంబరు 30న మార్సే చనిపోయిన రోజు శత్రువు ఎదురుపడనే లేదు. కొత్త బీఎఫ్ 109 జీ-2 విమానం ఇంజన్ నుంచి పొగ కాక్‌పిట్ నిండా కమ్మింది. బయటికి దూకినప్పుడు తోక రెక్క తగిలింది, పారాచూట్ తెరుచుకోలేదు. ఇలాంటి నష్టాన్ని ఏ బ్రిటిష్ పైలట్ ఖాతాకూ కట్టకూడదు.

అభ్యాసం: పదకొండు గంటల విడతలోని 8 వరసలనే నింపండి. జతపడనివి ఖాళీగానే వదలండి. వచ్చే పాఠంలో 1942 జూన్ 3, లిబియాలోని బీర్ హకీమ్ దగ్గర దక్షిణాఫ్రికా 5వ స్క్వాడ్రన్ టోమహాక్‌ల పోరు తీసుకుందాం.