పోగో సంపుటాలు మళ్లీ చదివేటప్పుడు

పోగో అంటే జంతువులే పాత్రలుగా నడిచే అమెరికన్ కామిక్ స్ట్రిప్, గళ్లలో గీసిన బొమ్మల కథ. దాని పుస్తకం చేతికి రాగానే నవల చదివినట్టు ఏకబిగిన చదవకండి. కార్టూనిస్టు వాల్ట్ కెల్లీ దీన్ని గీసింది దినపత్రిక కోసం, రోజుకో మూడు నాలుగు గళ్లు. ఒక్క పూటలో యాభై పేజీలు లాగిస్తే పాత్రలన్నీ ఒకేలా వాగుతున్నట్టు అనిపించి చిరాకొస్తుంది. నేను టిఫినయ్యాక ఒక వారం స్ట్రిప్పులు మాత్రం చదివి మూసేస్తాను. ఆదివారం రంగుల పేజీల్లో నడిచే కథ వేరు. వాటిని ఇంకో పూటకు ఉంచుకోండి.

1949 నుంచి అమెరికా పత్రికల్లో వచ్చిన ఈ కథ జరిగేది జార్జియాలోని ఓకెఫెనోకీ చిత్తడి అడవిలో. మా అమ్మాయి ఉండే అట్లాంటాదీ అదే రాష్ట్రం, కాకపోతే ఈ అడవి దక్షిణాన ఫ్లోరిడా సరిహద్దు దగ్గర.

మొదటి విడత రాజకీయం జోలికి పోవద్దు. సాత్వికుడైన పోగో (పోసమ్ అనే చిన్న జంతువు), చుట్ట నోట్లోంచి తీయని మొసలి ఆల్బర్ట్, అన్నీ తెలిసినట్టు మాట్లాడే గుడ్లగూబ హౌలాండ్, వీళ్ల పోట్లాటలు అలవాటవ్వాలి. ఆ యాస స్పెల్లింగులు కంటికి లొంగవు. పైకి చదవండి, చెవికి అందుతాయి. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

రెండో విడత అక్షరాలు. విజయవాడలో ఒక ప్రెస్సులో డీటీపీ చేసినవాణ్ణి కాబట్టి నా కళ్లు ముందు అటే పోతాయి. చర్చి పెద్దలా మాట్లాడే నీటి ఎలుక డీకన్ మష్‌రాట్ నోరు విప్పితే పాత బైబిళ్లలో ఉండే గోథిక్ అక్షరాలు. సర్కస్ మనిషిలా గొప్పలు పోయే ఎలుగుబంటి బ్రిడ్జ్‌పోర్ట్ నోరు తెరిస్తే సర్కస్ పోస్టరే. రాబందు మాటలకైతే చావు కార్డులాగా నల్ల అంచు. ఫాంట్లు లేని రోజుల్లో ఇదంతా చేత్తో రాసిందే. మాట అర్థం కాకపోయినా మనిషి ఎలాంటివాడో అక్షరమే చెప్పేస్తుంది. నాకైతే పోగోలో అన్నిటికంటే గొప్ప సంగతి ఇదే, రాజకీయ వ్యంగ్యం దీని తర్వాతే.

ఇక మూడో విడత తేదీలు చూసుకోండి. పాత వార్తల పక్కన పెట్టుకుని చదివితే 1953 మే నెలలో తుపాకీ పట్టుకుని దిగిన అడవిపిల్లి సింపుల్ జె. మలార్కీ ఎవరో తెలిసిపోతుంది. కనిపించినవాడికల్లా కమ్యూనిస్టు ముద్ర వేస్తున్న సెనేటర్ జోసెఫ్ మెకార్తీ ముఖమే అది. ఆయన పలుకుబడి ఇంకా తగ్గని రోజులవి! ఆ ముఖం మళ్లీ కనిపిస్తే స్ట్రిప్ ఆపేస్తామని 1954లో ప్రావిడెన్స్ బులెటిన్ పత్రిక బెదిరించింది. కెల్లీ ఏం చేశాడంటే, ఒక కోడి వస్తోందనగానే మలార్కీ తలకు సంచీ తగిలించాడు. ప్రావిడెన్స్ వాళ్లెవరూ తనను చూడకూడదట. ఆ కోడి రోడ్ ఐలాండ్ రెడ్ జాతిది, ప్రావిడెన్స్ ఆ రోడ్ ఐలాండ్ రాష్ట్రానికి రాజధాని. పైగా ఆ సంచీ, నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన శ్వేతజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్ వాళ్ల ముసుగులా కనిపిస్తుంది. పత్రిక కోరినట్టు ముఖం దాచాడు, వాత మాత్రం ఇంకొంచెం గట్టిగా పెట్టాడు.

తర్వాత రోజుల్లో, భయపడే సంపాదకుల కోసం ముద్దొచ్చే కుందేళ్లతో వేరే స్ట్రిప్పులు కూడా గీసి పంపేవాడు. అవి తగిలితే చప్పగా ఉన్నాయని దాటేయకండి. ఆ రోజు అసలు స్ట్రిప్‌లో ఏముందో వెతికి రెండూ పక్కపక్కన చూడండి.

ఏ ముద్రణ కొనాలంటే, 1951 నుంచి సైమన్ అండ్ షుస్టర్ వేసిన పుస్తకాల్లో కెల్లీయే కొన్ని స్ట్రిప్పులు తీసేసి, సర్ది కూర్చాడు. కథ సాఫీగా సాగుతుంది కానీ తేదీలతో పోల్చడానికి పనికిరావు. అందుకు ఫాంటాగ్రాఫిక్స్ 2011 నుంచి వేస్తున్న పెద్ద సంపుటాలు కావాలి. వరస తప్పదు, వెనక వివరణలూ ఉంటాయి. ఖరీదెక్కువే, ముందు లైబ్రరీలో అడగండి. భూతద్దం కూడా దగ్గర పెట్టుకోండి, పడవల మీద రాసిన పేర్లు స్ట్రిప్పు స్ట్రిప్పుకీ మారిపోతుంటాయి.