జీటర్ రూకీ కార్డు సంతకంతో కొంటున్నారా? ముందు ఇది చూడండి

అమెరికా బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ యాంకీస్ మాజీ షార్ట్‌స్టాప్ (రెండు, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) డెరెక్ జీటర్ రూకీ కార్డులు, అంటే ఆయన బొమ్మతో వచ్చిన తొలి సేకరణ కార్డులు, 1993లో వచ్చాయి, ఆయన పెద్ద లీగ్‌లో ఆడటం మొదలుపెట్టింది మాత్రం 1995లో. 1993లో టాప్స్ బ్రాండు 98వ నంబరు, ఎస్‌పీ బ్రాండు ఫాయిల్ (మెరిసే రేకు పూత) 279వ నంబరు కార్డులు ప్యాకెట్లలో సంతకం లేకుండానే వచ్చాయి. అంటే ఇప్పుడు వాటి మీద కనిపించే సంతకం తర్వాత పెట్టిందే, కాబట్టి అది నిజంగా ఆయన చేత్తో పెట్టిందేనా అన్నదే అసలు ప్రశ్న.

అమ్మేవాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ కాగితాన్ని నమ్మి డబ్బు పెట్టకండి. సంతకం అసలుదో కాదో తేల్చే పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ లాంటి సంస్థ పరీక్షించిన కార్డే తీసుకోండి, పైగా లేబుల్ మీది నంబరును మీరే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, వివరాలు మీ ముందున్న కార్డుతో సరిపోతున్నాయో లేదో చూసుకోండి, ఎందుకంటే పరీక్షించిన కార్డును పెట్టి లేబుల్ వేసే ప్లాస్టిక్ కేసుల్లో నకిలీవి కూడా తిరుగుతున్నాయి.

ఇంకోటి, లేబుల్ మీద 10 (అన్నిటికంటే పై గ్రేడు) కనబడగానే కంగారుపడి కొనెయ్యొద్దు. అది కార్డుకా, సంతకానికా? రెండింటికీ గ్రేడు వేరువేరుగా ఉండొచ్చు. ఎస్‌పీ ఫాయిల్ అంచులు చాలా సులువుగా చెడిపోతాయి, అందుకే మచ్చలేని కార్డు దొరకడం అంత కష్టం, ధరా అలాగే ఉంటుంది. నున్నటి కార్డు మీద సిరా బుడగలుగా విడిపోయిందేమో ఫొటో పెద్దది చేసి చూడండి.

బడ్జెట్ తక్కువైతే టాప్స్ కార్డే నయం, బోలెడన్ని ముద్రించారు.