పెన్సిల్వేనియాలో బడి నిధుల కోసం గుడి, చర్చి, మసీదు తరఫున అడగడం ఎలా

పెన్సిల్వేనియాలో ఇల్లు కొనే తెలుగు కుటుంబం ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగు చూస్తుంది, వంటగది ఆ తర్వాతే. ఆ రేటింగు వెనక ఒక లెక్క ఉంది. రాష్ట్రంలో 500 స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. వాటి డబ్బులో సగానికి పైగా స్థానికంగానే, ముఖ్యంగా ప్రాపర్టీ టాక్స్ నుంచి రావాలి. ఈ పన్నును మిల్లుల్లో వేస్తారు. అసెస్ చేసిన విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలరు కడితే అది ఒక మిల్లు. ఒక ఊళ్లో విద్యార్థి తలకు 10 లక్షల డాలర్ల ఆస్తి ఉందనుకోండి. ఒక మిల్లు వేస్తే తలకు 1,000 డాలర్లు వస్తాయి. పక్క ఊళ్లో ఆస్తి 2 లక్షలే అయితే అదే మిల్లుకు 200 వస్తాయి. ఆ వెయ్యి కావాలంటే పేద ఊరు అయిదు మిల్లులు వేయాలి. అందుకే చాలా పేద ఊళ్లలో పన్ను రేటు ఎక్కువ, బడికి చేరే డబ్బు తక్కువ. "వాళ్లు టాక్సు కట్టరు కాబట్టే వాళ్ల బడులలా ఉన్నాయి" అని గుడి పార్కింగులో వినిపించే మాటకు జవాబు ఈ లెక్కే. ఇది కాగితం చూడకుండా చెప్పడం వచ్చాకే మిగతా పనుల్లోకి దిగండి.

"మన డిస్ట్రిక్టు బాగానే ఉందిగా, మనకెందుకు?" అన్నది గుడి కమిటీలో వచ్చే మొదటి ప్రశ్న. దానికి జవాబు రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో ఉంది. బడ్జెట్ నెగ్గాలంటే 203 మంది ఉన్న హౌస్‌లో 102 ఓట్లు, 50 మంది ఉన్న సెనేట్‌లో 26 ఓట్లు కావాలి. లోటు ఉన్న డిస్ట్రిక్టు ప్రతినిధికి ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు. తేలాల్సింది ఎక్స్‌టన్, మాల్వెర్న్, మెకానిక్స్‌బర్గ్ లాంటి చోట్ల ప్రతినిధుల ఓటు. మనవాళ్లు ఎక్కువగా ఉంటున్నదీ అలాంటి చోట్లే. కలిగినవాళ్ల ఊరి నుంచి ఈ మాట వస్తేనే దానికి బరువు.

ఇప్పుడు అడగాల్సింది ఏమిటి

"బడులకు ఎక్కువ డబ్బివ్వండి" అంటే ఏ ప్రతినిధైనా తల ఊపుతాడు, ఫోటో దిగుతాడు, పంపించేస్తాడు. మీ కోరిక రాష్ట్రం ఇప్పటికే ఒప్పుకున్న లెక్కకు ముడిపడి ఉండాలి. 2014లో విలియం పెన్, లాంకాస్టర్, పాంథర్ వ్యాలీ సహా ఆరు డిస్ట్రిక్టులు, కొందరు తల్లిదండ్రులు, రెండు సంఘాలు కలిసి రాష్ట్రం మీద కేసు వేశారు. 2023 ఫిబ్రవరి 7న కామన్వెల్త్ కోర్టు జడ్జి రెనే కోన్ జుబెలిరర్ దాదాపు 800 పేజీల తీర్పిచ్చారు: ఈ నిధుల పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధం. ఆ తీర్పు మీద ఎవరూ అప్పీలుకు వెళ్లలేదు. 2024 జనవరిలో శాసనసభ్యులతో కూడిన కమిషన్, బడులకు చేరాల్సిన డబ్బుకూ చేరుతున్న డబ్బుకూ మధ్య ఉన్న లోటును 540 కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది. ఆ ఏడాది బడ్జెట్లో తొలి విడతగా సుమారు 49 కోట్లు కేటాయించారు. 2025లో తర్వాతి విడత కోసం నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. జూన్ 30కి పూర్తి కావాల్సిన బడ్జెట్ నవంబరు 12న గాని సంతకానికి రాలేదు.

కాబట్టి ఏటా కోరిక ఒకటే: ఈ ఏడాది విడత తగ్గకూడదు, ఆగకూడదు, వీలైతే పెరగాలి. దాని పక్కన ఒక డిస్ట్రిక్టు పేరు, దాని లోటు అంకె. అంతకంటే ఎక్కువ అడిగితే ఏదీ గుర్తుండదు.

ఆ అంకె రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైటులో పెట్టే స్ప్రెడ్‌షీట్లలో డిస్ట్రిక్టుల వారీగా దొరుకుతుంది. అక్కడ కనబడే "వెయిటెడ్ విద్యార్థుల సంఖ్య" చూసి కంగారు పడొద్దు. బడిలో ఉన్న పిల్లల కంటే అది ఎక్కువే ఉంటుంది. రాష్ట్రం డబ్బును డిస్ట్రిక్టులకు పంచే 2016 నాటి ఫార్ములాలో ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లవాడికి, కటిక పేదరికంలో ఉన్న పిల్లవాడికి అదనంగా 0.6 చొప్పున కలుపుతారు. అంటే ఆ పిల్లవాడు 1.6 మందితో సమానం, వాడికి చదువు చెప్పడానికి అంత ఖర్చవుతుంది కాబట్టి. ఆ ఫార్ములా మొదలైనప్పుడు దాన్ని కొత్తగా చేరే డబ్బుకే వర్తింపజేశారు. పాత డబ్బు పాత వాటాల్లోనే పంచుతూ వచ్చారు. ఫార్ములా ఉన్నా అన్యాయం అంత నెమ్మదిగా తగ్గడానికి అదే కారణం.

ఎదుటివాళ్లు తప్పకుండా ఒక అంకె తెస్తారు: "పెన్సిల్వేనియా ఇప్పటికే ఒక్కో విద్యార్థికి 20 వేల డాలర్లకు పైగా ఖర్చు పెడుతోంది." అది నిజమే, కాదనకండి. అది సగటు. మోకాలి లోతు, పది అడుగుల లోతు కలిపి సగటు తీస్తే ఏటిలో ఎవరూ మునగరు. పైగా ఆ మొత్తంలో చార్టర్ బడులకు (ప్రభుత్వ డబ్బుతో వేరే యాజమాన్యం నడిపేవి) డిస్ట్రిక్టు కట్టే ఫీజులూ కలిసే ఉంటాయి.

కమిటీ తీర్మానం

చర్చిలో పాస్టర్ ఆదివారం ఒక మాట చెబితే పని కదులుతుంది. గుడిలో అలా కుదరదు, నిర్ణయం ట్రస్టీల బోర్డుది. రెండు నెలలకోసారి కలిసే బోర్డులో అజెండాకు ఎక్కి, వాయిదా పడి, మళ్లీ వచ్చి పాసయ్యేసరికి నాలుగు నెలలు. ఫిబ్రవరిలో తీర్మానం చేతిలో ఉండాలంటే అక్టోబరులోనే మొదలుపెట్టండి. తీర్మానం నాలుగు వాక్యాలు దాటనివ్వకండి. నమూనా ఇలా:

"పెన్సిల్వేనియా రాజ్యాంగం 3వ అధికరణం 14వ సెక్షన్ రాష్ట్రమంతటా సమగ్రమైన, సమర్థమైన ప్రభుత్వ విద్యను నడిపే బాధ్యతను శాసనసభ మీద పెట్టింది. 2023 ఫిబ్రవరి 7 నాటి తీర్పు ప్రకారం గుర్తించిన లోటును రాష్ట్రం క్రమం తప్పకుండా పూడ్చాలని మా దేవస్థానం కోరుతోంది. మా తరఫున మాట్లాడే అధికారం ఫలానా ఇద్దరికి ఇస్తున్నాం. ఈ తీర్మానానికి ఏ పార్టీతోనూ, ఏ అభ్యర్థితోనూ సంబంధం లేదు."

చివరి వాక్యాన్ని ఎవరు తీసేయమన్నా తీయకండి.

ఇదే సమావేశంలో ఇంకో ముడి విప్పుకోవాలి. ప్రైవేటు, మత సంస్థల బడులకు ప్రభుత్వ డబ్బుతో స్కాలర్‌షిప్పులు ఇవ్వాలా వద్దా అన్నది మత సంస్థలను నిలువునా చీల్చే విషయం. సొంత బడి నడిపే చర్చి, మసీదు ఒక వైపు ఉండొచ్చు, మీరు మరో వైపు. 2023 బడ్జెట్లో గవర్నర్ షాపిరో అలాంటి 10 కోట్ల డాలర్ల పథకాన్ని వీటో చేసినప్పుడు ఆ గొడవ రాష్ట్రమంతా చూసింది. మీరంతా కలిసి కట్టే కూటమి దాని గురించి మాట్లాడుతుందా, మాట్లాడదా? ఏదో ఒకటి ముందే రాసుకోండి. మాట్లాడకపోవడమే మేలని మా అభిప్రాయం. ప్రతినిధి ఎదుట కూర్చున్నాక ఆ ప్రశ్న వచ్చి, మీలో ఇద్దరు చెరో మాట చెబితే ఆ సమావేశం అక్కడితో సరి.

ఒంటరిగా వెళ్లకండి. ఫిలడెల్ఫియా వైపు పవర్ ఇంటర్‌ఫెయిత్, పిట్స్‌బర్గ్ వైపు పెన్సిల్వేనియా ఇంటర్‌ఫెయిత్ ఇంపాక్ట్ నెట్‌వర్క్ చాలా ఏళ్లుగా అన్ని మతాలవాళ్లనూ కలిపి పనిచేస్తున్నాయి. పేదరికం ఒకేలా ఉన్నా, తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టులకు రాష్ట్రం నుంచి ఎక్కువ డబ్బు వెళ్తోందని అంకెలతో చూపింది పవర్ సభ్యుడు డేవిడ్ మోసెంకిస్ విశ్లేషణే.

పన్ను చట్టం, వీసాలు

గుడి, చర్చి, మసీదు 501-సి-3 సంస్థలు, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్షలేని సంస్థలు. బిల్లు గురించి, బడ్జెట్ గురించి మాట్లాడొచ్చు. అది సంస్థ పనిలో పెద్ద భాగం కాకూడదు, అంతే. ఎంత దాటితే పెద్ద భాగమో చట్టంలో అంకె లేదు. ఏడాదికి ఒక తీర్మానం, రెండు మూడు సమావేశాలు, ఒక బస్సు ఖర్చుతో ఏ గుడికీ ముప్పు రాదు, కానీ గంటలూ డాలర్లూ ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ప్రార్థనా సంస్థ కాని తెలుగు సంఘానికి ఇంకో వెసులుబాటు ఉంది. పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు ఫారం 5768 దాఖలు చేస్తే ఖర్చులో తొలి 5 లక్షల డాలర్ల మీద 20 శాతం దాకా లాబీయింగుకు వాడొచ్చు. ఏడాదికి 2 లక్షలు ఖర్చు పెట్టే సంఘానికి 40 వేలు, అందులో జనాన్ని కదిలించే ప్రచారానికి 10 వేలు. చర్చి, గుడి, మసీదులకు ఈ ఫారం పనికిరాదు.

అభ్యర్థిని బలపరచడం మాత్రం 1954 నుంచీ నిషేధం. తప్పు జరిగేది వేదిక మీద కాదు, వాట్సాప్‌లో. "మనవాడే నిలబడ్డాడు" అని గుడి అధికారిక గ్రూపులో ఎవరో ఫ్లయర్ పెడతారు. దాన్ని వెంటనే తీసేసే పని ఒకరికి అప్పగించండి.

హెచ్-1బి, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు ప్రతినిధితో మాట్లాడొచ్చా? మాట్లాడొచ్చు. ఓటు లేకపోయినా అడిగే హక్కుంది, కడుతున్న ప్రాపర్టీ టాక్సు ఉంది. ముఖ్యంగా చేయకూడనివి రెండు. హెచ్-1బి వాళ్లు ఎన్నికల విరాళం ఇవ్వకూడదు. పౌరసత్వం లేని ఎవరూ ఓటరు నమోదు కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఇమిగ్రేషన్‌లో అది తీరని దెబ్బ. కాబట్టి నిధుల పిటిషన్ బల్ల మీద ఓటరు నమోదు కాగితాలు పెట్టకండి. పిటిషన్‌లో కూడా "ఓటరును" అని కాకుండా "నివాసిని" అని రాయించండి.

ఎవరిని, ఎప్పుడు

గవర్నర్ ఫిబ్రవరి మొదట్లో బడ్జెట్ ప్రసంగం చేస్తారు. అప్పటికి తీర్మానం చేతిలో ఉండాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రతినిధినీ సెనేటర్‌నీ వాళ్ల స్థానిక ఆఫీసులో కలవండి. గురు, శుక్రవారాలు అడగడం మంచిది, సభ సాధారణంగా వారం మొదట్లో నడుస్తుంది. మే నెలలో స్కూల్ బోర్డులు ముసాయిదా బడ్జెట్ పెడతాయి, తుది ఆమోదానికి కనీసం 30 రోజుల ముందు. జూన్‌లో హారిస్‌బర్గ్ వెళ్లండి. జూన్ 20 తర్వాత మొదటిసారి ఫోన్ చేసేవాళ్ల మాట వినే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

స్థానిక స్కూల్ బోర్డు మీద కోపం చూపించడం సాధారణంగా జరిగే పొరపాటు. 2006 నాటి యాక్ట్ 1 ప్రకారం బోర్డు ఏటా రాష్ట్రం ప్రకటించే సూచీని మించి పన్ను పెంచాలంటే మినహాయింపో ప్రజల ఓటో కావాలి. ఫిలడెల్ఫియా బోర్డుకైతే పన్ను వేసే అధికారమే లేదు, అది సిటీ కౌన్సిల్ చేతిలో ఉంది. ఇంకోటి: బోర్డు సమావేశంలో మాట్లాడే హక్కును బహిరంగ సమావేశాల చట్టమైన సన్‌షైన్ చట్టం ఆ డిస్ట్రిక్టు నివాసులకు, పన్ను కట్టేవాళ్లకు ఇచ్చింది. పక్క డిస్ట్రిక్టు నుంచి పట్టుచీరలతో ముప్పై మంది వెళ్లినా మైకు ఇవ్వకపోవచ్చు. అక్కడి భక్తుల్లో ఒకరిని వెతకండి.

ప్రతినిధి ఎదుట పావుగంట

అయిదారుగురు చాలు. వాళ్లలో కనీసం ఇద్దరు ఆ ప్రతినిధి నియోజకవర్గంలోనే ఉంటున్నవాళ్లు కావాలి. వేరే మతం నుంచి ఒకరు, లోటు ఉన్న డిస్ట్రిక్టులో పనిచేసే టీచరు గాని, పిల్లల్ని చదివిస్తున్న అమ్మ గాని ఒకరు. మొదటి రెండు నిమిషాలు ఎవరు, ఏ ఊరు. తర్వాత మూడు నిమిషాలు ఆ టీచరువి: తరగతిలో ఎంతమంది, కౌన్సెలరు ఎన్ని వందల మందికి ఒకరు, ఏ గదిలో వేడి పనిచేయదు. ఒక నిమిషం అంకె. ఆ వెంటనే ప్రశ్న: "ఈ ఏడాది విడత తగ్గితే మీరు బడ్జెట్‌కు వ్యతిరేకంగా ఓటేస్తారా?" అడిగాక నోరు మూసుకోవాలి. మనవాళ్లకు ఇదే కష్టం. నిశ్శబ్దం మర్యాద కాదనిపించి ఎవరో ఒకరు "పర్లేదులెండి, ఆలోచించండి సార్" అనేస్తారు. పది సెకన్లు ఆగితే జవాబు వస్తుంది. ఆ జవాబును ఉన్నది ఉన్నట్టు ఒకరు రాసుకుని, మర్నాడు మెయిల్లో ధన్యవాదాలతో పాటు అదే వాక్యం తిరిగి పంపాలి.

ప్రతినిధి రాక సహాయకుడు కూర్చుంటే చిన్నబుచ్చుకోకండి. బడ్జెట్ నోట్ రాసేది సాధారణంగా ఆ మనిషే.

ఒక ఎదురుప్రశ్నకు ముందే సిద్ధంగా ఉండండి: "మీ గుడి ప్రాపర్టీ టాక్సు కట్టదు కదా?" కట్టదు. పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో కొండ మీద ఉన్న వేంకటేశ్వరుడి గుడికి 1970ల నుంచీ దేశమంతటా భక్తులు వస్తున్నారు. ఆ ఊరి స్కూల్ డిస్ట్రిక్టే అప్పుల్లో కూరుకుపోయి 2019లో రాష్ట్రం ఆర్థిక పర్యవేక్షణలోకి వెళ్లింది. ఆ అప్పు భవనాల మీద చేసింది, గుడి వల్ల వచ్చింది కాదు. అయినా "మా స్థలానికి పన్ను మినహాయింపు ఉంది, అందుకే ఈ ఊరి బడి మా బాధ్యత కూడా అనుకుని వచ్చాం" అని ఒప్పుకుని చెబితే వాదన అక్కడే ఆగుతుంది. దాటవేస్తే మిగతా పావుగంటా దాని మీదే పోతుంది.

బడ్జెట్ పాసయ్యాక పని సగమే అయినట్టు. మీరు పేరు చెప్పి అడిగిన డిస్ట్రిక్టుకు ఎంత వచ్చిందో విద్యాశాఖ పట్టికలో చూడండి. ఆ డబ్బును దేనికి వాడారో బోర్డును అడగండి. చెప్పకపోతే ప్రభుత్వ రికార్డులు అడిగే హక్కునిచ్చే రైట్ టు నో చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. 5 పని దినాల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 30 రోజులు గడువు తీసుకోవచ్చు. ఇద్దరు టీచర్లను పెట్టుకున్నారని తేలితే, ఆ వాక్యంతోనే వచ్చే మార్చిలో ప్రతినిధి దగ్గర మాట మొదలుపెట్టండి.