మొదటి ఆల్బమ్ చేస్తున్న బ్యాండ్‌లకి: స్టూడియో బుక్ చేసే ముందు ఇది చదవండి

మొదటి ఆల్బమ్ అనగానే బ్యాండ్‌లో అందరి ధ్యాసా స్టూడియో మీదికే పోతుంది, ఏ మైక్ వాడాలి, ఎన్ని రోజులు బుక్ చేయాలి అని. కానీ ఆల్బమ్ ఎలా వస్తుందన్నది చాలావరకు స్టూడియో గుమ్మం తొక్కకముందే తేలిపోతుంది. బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్‌లోని 14 పాటల్లో 10 పాటల్ని 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులో రికార్డ్ చేయగలిగారంటే, అంతకుముందు కొన్నేళ్లపాటు రాత్రిళ్లు స్టేజీల మీద వాయించి వాయించి చేతులూ గొంతులూ సిద్ధంగా ఉండబట్టే.

అందుకే ముందు పాటల సంగతి చూడండి. మీ దగ్గర 18 పాటలున్నాయంటే 9 లేదా 10 మాత్రమే ఉంచండి. ప్రాక్టీస్‌లో ప్రతి పాటనీ ఫోన్‌లో రికార్డ్ చేసి, వారం రోజులు దాని జోలికి వెళ్లకుండా ఆగి, అప్పుడు అందరూ కూర్చుని వినండి. పల్లవి రావడానికి నిమిషంన్నర పడుతోందా, రెండో చరణంలో కొత్తగా ఏమీ జరగడం లేదా, ఇవన్నీ వాయిస్తున్నప్పుడు తెలియవు, వింటేనే తెలుస్తాయి. శ్రుతి విషయంలో గిటార్‌కి ఏది సులువన్నది చూడకండి, గొంతుకి ఏది నప్పుతుందో చూడండి, అది కూడా ఐదోసారి పాడినా పల్లవిలో పై స్వరం అందేలా ఉండాలి. ప్రతి పాట టెంపో (వేగం) ఎంతో కాగితం మీద రాసి పెట్టుకుని, కనీసం నెల రోజులు క్లిక్‌తో (వేగం తప్పకుండా టిక్ టిక్‌మనే మెట్రోనోమ్ శబ్దం) ప్రాక్టీస్ చేయండి. మేం ఈ ఒక్క పని వదిలేసి వెళ్లాం, మొదటి రోజంతా డ్రమ్స్ క్లిక్ మీద కూర్చోబెట్టడానికే పోయింది, ఆ టెన్షన్ మిగతా రోజుల్లో అందరి వాయింపులోనూ వినిపించింది.

ఇంకొకటి, ఇది మొహమాటంగా ఉంటుంది కానీ తప్పదు. ఏ పాటలో ఎవరి వాటా ఎంతో రికార్డింగ్‌కి ముందే రాసి అందరూ సంతకాలు పెట్టండి. పాటకి రెండు వేర్వేరు హక్కులుంటాయి: సాహిత్యం, ట్యూన్ మీద ఒకటి, రికార్డ్ అయిన ధ్వని మీద మరొకటి. రెండింటికీ విడివిడిగా శాతాలు రాసుకోండి. స్నేహం బాగున్నప్పుడు ఇది పది నిమిషాల పని.

స్టూడియోకి వెళ్లే ముందు డ్రమ్స్‌కి కొత్త హెడ్స్ (కొట్టే పొరలు), గిటార్లకి కొత్త తీగలు వేయండి, తీగలు మాత్రం ఒకటి రెండు రోజుల ముందే వేస్తే శ్రుతి నిలుస్తుంది. మామూలుగా గైడ్ ట్రాక్ (మిగతావాళ్లు విని వాయించడానికి ముందుగా తీసే తాత్కాలిక రికార్డింగ్), తర్వాత డ్రమ్స్, బేస్, గిటార్లు, కీబోర్డులు, చివరికి గొంతు, ఈ వరసలో వెళ్తారు. అందరూ కలిసి వాయిస్తేనే మీ పాటకి ఊపు వస్తుందనుకుంటే అలాగే చేయండి, తప్పేం లేదు. 24 బిట్‌లో (ధ్వనిని ఎక్కువ వివరంగా దాచే డిజిటల్ సెట్టింగ్) రికార్డ్ చేస్తే లెవెల్స్ నెత్తి దాకా పెంచాల్సిన పనిలేదు. గొంతుకి మాత్రం ఎక్కువ సమయం ఉంచుకోండి, రోజుకి రెండు పాటలు మించి పాడించకండి, ఒక్కో పాటకి నాలుగైదు టేకులు తీసి వాటిలోంచి మంచి ముక్కలు ఎంచి కలపండి. ప్రతి రాత్రీ ఫైళ్లు రెండు వేర్వేరు చోట్ల బ్యాకప్ చేయందే ఇంటికి వెళ్లొద్దు.

మిక్సింగ్ దగ్గర, అంటే విడివిడిగా తీసిన ట్రాక్‌లన్నీ ఒక పాటగా కలిపే దశలో, బ్యాండ్‌లో నలుగురూ నాలుగు మెసేజ్‌లు పంపితే ఇంజనీర్‌కి ఏం చేయాలో తోచదు. ఒకరు అందరి మాటలూ పోగుచేసి ఒకే లిస్టుగా పంపాలి. తక్కువ వాల్యూమ్‌లో, ఫోన్ స్పీకర్‌లో, మోనోలో (రెండు స్పీకర్ల ధ్వనినీ ఒకటిగా కలిపి) కూడా విని చూడండి, అప్పుడు కూడా గొంతు స్పష్టంగా ఉంటే మిక్స్ కుదిరినట్టే. ప్రతి పాటకీ గొంతు లేని వెర్షన్ అప్పుడే అడిగి తీసుకోండి, తర్వాత షోలకీ వీడియోలకీ పనికొస్తుంది. మాస్టరింగ్, అంటే మిక్స్ అయిన పాటలకి చివరిగా చేసే మెరుగు, వీలైతే మిక్స్ చేయని వేరే మనిషికి ఇవ్వండి. సౌండ్ ఎంత పెద్దగా ఉంటే అంత గొప్ప అనుకోవద్దు, స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో అన్ని పాటల్నీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండ్ ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే యూనిట్) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది, కాబట్టి మీరు చిన్న, పెద్ద శబ్దాల తేడా నలిపేసి పెంచింది అక్కడ తగ్గిపోతుంది, నలిగిన సౌండ్ మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఇక రిలీజ్. దయచేసి మాస్టర్ (మాస్టరింగ్ పూర్తయిన ఫైళ్లు) చేతికి రాకుండా తేదీ ప్రకటించకండి. వచ్చాక కూడా రిలీజ్‌కి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి. 2015 జూలై నుంచి ప్రపంచవ్యాప్తంగా కొత్త పాటలకి శుక్రవారమే రిలీజ్ రోజు, మీరూ అదే పెట్టుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్‌ని (మీ పాటల్ని స్పాటిఫై లాంటి యాప్‌లకి చేర్చే కంపెనీ) ఎంచుకునేటప్పుడు ఏటా డబ్బు కట్టాలా, ఒక్కసారి కడితే చాలా, కట్టడం ఆపితే పాటలు తీసేస్తారా అన్నది ముందే చదవండి. ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్‌ఆర్‌సీ అనే, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే గుర్తింపు కోడ్ ఉంటుంది. ఆల్బమ్‌కి ముందు రెండు మూడు పాటలు సింగిల్స్‌గా వదిలితే, ఆల్బమ్‌లో పెట్టేటప్పుడు అవే ఆడియో ఫైళ్లు, అవే కోడ్‌లు వాడండి, అప్పటిదాకా వచ్చిన స్ట్రీమ్‌లు పాటతోపాటే కొనసాగడానికి అది అవసరం. కవర్ బొమ్మ 3000 బై 3000 పిక్సెళ్ల చతురస్రంగా చేయించి, ఫోన్‌లో గోరంత సైజులో కూడా పేరు చదవగలుగుతున్నామా అని చూడండి.

స్పాటిఫై ఎడిటర్లకి (ప్లేలిస్టుల్లో పాటలు ఎంచి పెట్టేవాళ్లు) రిలీజ్ కాని పాటని పంపే వీలుంటుంది, ఆల్బమ్ నుంచి ఒక్క పాటే. కనీసం ఏడు రోజుల ముందు పంపాలి, కానీ మూడు నాలుగు వారాల ముందే పంపితే మంచిది. ఆల్బమ్‌లో మీకు ఇష్టమైన పాట కాకుండా, మిమ్మల్ని ఎప్పుడూ వినని మనిషి మొదటి 30 సెకన్లు ఆగి వినే పాటని ఎంచుకోండి. పాటలు రాసినవాళ్లు తమ దేశంలోని రాయల్టీ సొసైటీలో (పాట వాడినందుకు వచ్చే డబ్బు వసూలు చేసి రాసినవాళ్లకి పంచే సంస్థ) పేరు నమోదు చేసుకోవాలి, మామూలుగా డిస్ట్రిబ్యూటర్ ద్వారా మీకు వచ్చేది రికార్డింగ్ వాటా మాత్రమే.

రిలీజ్ రోజు పొద్దున్నే ప్రతి యాప్ తెరిచి పాటల వరస, పేర్ల స్పెల్లింగ్, రాసినవాళ్ల క్రెడిట్స్ చూడండి. మీ పేరే ఉన్న ఇంకో బ్యాండ్ పేజీలోకి ఆల్బమ్ వెళ్లిపోవడం కొత్త బ్యాండ్‌లకి తరచూ జరుగుతుంది. అలా జరిగితే వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కి రాసి, ఆ తర్వాతే లింక్ షేర్ చేయండి.