గుర్రమెక్కితే టెన్షనా? పాట అందుకోండి

గుర్రమెక్కగానే భయంతో మనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టేస్తాం. మోకాళ్లు బిగుసుకుంటాయి, కళ్లెం గట్టిగా లాగేస్తాం. గుర్రానికి అది ఇట్టే తెలిసిపోతుంది. 2009లో స్వీడన్ పరిశోధకుల ప్రయోగం ఒకటి వచ్చింది. ఒకే దారిలో నాలుగుసార్లు వెళ్లాలి; నాలుగోసారి వెళ్లేటప్పుడు పక్కనే గొడుగు తెరుస్తామని రౌతులకు ముందే చెప్పారు. నిజానికి గొడుగు తెరవనే లేదు. అయినా రౌతులతో పాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది!

అందుకే నేను పైకే పాడతాను. పాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు. గొంతు ఎలా ఉన్నా గుర్రం ఏమీ అనుకోదు లెండి. నడక లయకు సరిపోయే పాటైతే ఇంకా మంచిది. చూపు గుర్రం చెవుల మీద కాకుండా దూరంగా ఉన్న ఏ చెట్టు మీదో పెట్టండి. గుర్రం మెడకు ఒక పట్టీ కూడా కట్టించుకోండి. తూలినప్పుడు కళ్లెం బదులు దాన్ని పట్టుకుంటే పాపం గుర్రం నోటికి నొప్పి ఉండదు.

మరీ భయంగా ఉన్న రోజు పది నిమిషాలు మామూలు నడక నడిపించి దిగిపోండి. దౌడు రేపు చూసుకోవచ్చు.