స్కూబా డైవింగ్ మళ్లీ మళ్లీ పిలిచేది ఎందుకు? మొదటిసారి దిగేవారు తెలుసుకోవలసినవి

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 వరకు హేవ్‌లాక్ అని పిలిచిన దీవిలో, వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగుకు వెళ్లే స్కూబా డైవింగ్ కోసం తొలిసారి నీళ్లలోకి దిగి వచ్చినవారిలో చాలామంది ఒంటి తడి ఆరకముందే మళ్లీ ఎప్పుడు దిగవచ్చని అడుగుతారు. రంగురంగుల చేపలను, పగడాలను చూసిన సంబరం అందులో కొంత ఉన్నా, అసలు కారణం ఊపిరేనని నా గట్టి నమ్మకం. ఈ సంగతి ముందే తెలిసి దిగినవారికి ఆ ఆనందం త్వరగా దక్కుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున, అంటే ఒడ్డున గాలి మన మీద మోపే ఒత్తిడి అంత చొప్పున, ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల లోతున పీల్చే ప్రతి శ్వాసకూ, ఒడ్డున పీల్చేదానికి రెట్టింపు గాలి ఖర్చవుతుంది. సాధారణంగా వాడే సిలిండర్‌లో సుమారు 2200 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది ఒడ్డున 110 నిమిషాలు వస్తే, 10 మీటర్ల కింద 55 నిమిషాలే వస్తుంది. అందులోనూ కొంత మిగుల్చుకునే పైకి రావాలి. అందుకే నిదానంగా పీల్చి, అంతకంటే నిదానంగా వదలడం డైవర్‌కు అలవాటుగా మారుతుంది. అలా దీర్ఘంగా ఊపిరి వదిలినప్పుడు గుండె నెమ్మదిస్తుంది, మనసు కుదుటపడుతుంది. ప్రాణాయామం చేసేవారికి ఇది తెలిసిన అనుభవమే. పైగా నీటిలో ఒంటి బరువు తెలియదు, మాటలకు చోటు లేదు, ఫోను మోగదు. శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు మించిన వేగంతో రావడం వల్ల అది ఎటునుంచి వస్తోందో కూడా చెవులు పోల్చుకోలేవు. ఒడ్డున కూర్చుని అలల లయను వింటున్నప్పుడు కలిగే నెమ్మదికి ఇది దగ్గరి చుట్టమే.

ఈత రాకపోయినా శిక్షకుడు పట్టుకుని 12 మీటర్ల లోపు తిప్పే పరిచయ డైవ్ చేయవచ్చు. అయితే ఆ పిలుపు నిజంగా వినిపించినవారు మూడు నాలుగు రోజుల ప్రాథమిక కోర్సు చేయడమే మంచిది. దానికి 200 మీటర్లు ఈదగలగాలి, 10 నిమిషాలు ఆధారం లేకుండా తేలగలగాలి. కాబట్టి ప్రయాణానికి రెండు నెలల ముందే ఊళ్లోని ఈతకొలనులో సాధన మొదలుపెట్టండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుడి అనుమతి లేకుండా దిగకూడదు. జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసిన రోజున ఎవరూ దిగకూడదు.

దిగుతున్నప్పుడు చెవి నొప్పి పుట్టేదాకా ఆగకుండా, ప్రతి మీటరుకూ ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవుల ఒత్తిడిని సరిచేసుకోవాలి. ఊపిరి మాత్రం ఎన్నడూ బిగపట్టకూడదు: 10 మీటర్ల లోతున ఊపిరితిత్తుల్లో నిండిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు పరిమాణానికి వ్యాకోచించి వాటిని చీల్చగలదు. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి వెళ్దామని అర్థం; బాగుందని చెప్పడానికి బొటనవేలిని, చూపుడువేలిని సున్నాలా కలపాలి.

కోర్సులో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది తేలకుండా, మునగకుండా ఒకేచోట నిలవడం. ఊపిరి తీసుకుంటే ఒళ్లు కొద్దిగా లేస్తుంది, వదిలితే కొద్దిగా దిగుతుంది. ఇసుక నేల మీద ఒక మీటరు ఎత్తున చేతులు ఆడించకుండా, శ్వాసతోనే నిలవడం వచ్చేవరకు దాన్నే అభ్యసించండి. అది వచ్చాక గాలి ఆదా అవుతుంది, కాలు తగిలి పగడాలు విరగవు, సముద్రం మనల్ని మోస్తున్నదన్న భావన అప్పుడే పూర్తిగా కలుగుతుంది.

ఆ భావన కోసం ఇంకా లోతుకు వెళ్లనక్కరలేదు. 30 మీటర్లు దాటే లోతుల్లో పీడనం వల్ల నైట్రోజన్ మత్తు కలిగిస్తుంది. హాయిగా అనిపించినా అది వివేకాన్ని మొద్దుబార్చే మత్తు. ప్రాథమిక కోర్సు చేసినవారు 18 మీటర్ల హద్దు దాటకూడదు. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో వచ్చి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

వరుసగా డైవ్‌లు చేసినవారు విమానం ఎక్కేలోగా కనీసం 18 గంటలు గడవాలి. అందుకే ఆఖరి రోజును ఒడ్డుకే కేటాయించండి. స్వరాజ్ ద్వీప్‌లోనైతే సాయంత్రం పడమటి వైపున్న రాధానగర్ తీరానికి పుస్తకం వెంట తీసుకెళ్లి, ప్రతి డైవ్‌లో ఎంత లోతుకు దిగారో, ఎంతసేపు ఉన్నారో, సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో గుర్తున్నప్పుడే రాసుకోండి.