డీసీఎస్‌లో జాయ్‌స్టిక్, థ్రాటిల్ సరిగ్గా సెట్ చేసుకోవడం ఎలా?

"స్టిక్ ముట్టుకోకపోయినా విమానం పక్కకి ఒరిగిపోతోంది, పీస్ డిఫెక్టా?" కొత్తగా జాయ్‌స్టిక్ కొన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. డిఫెక్ట్ కాదు. పెట్టె విప్పి, కేబుల్ గుచ్చి, నేరుగా గాల్లోకి లేస్తే ఇలాగే ఉంటుంది. ముందు ఓ గంట కంట్రోల్స్ పేజీలో కూర్చోవాలి. ఇక్కడ చెప్పేది డీసీఎస్ వరల్డ్ అనే యుద్ధవిమానాల సిమ్యులేటర్ గేమ్ గురించి. ఉదాహరణకి అందులోని ఎఫ్‌/ఏ-18సీ హార్నెట్ విమానం తీసుకున్నాను. మీ దగ్గర ఉచితంగా వచ్చే సు-25టీ మాత్రమే ఉన్నా పద్ధతి ఇదే.

1. సామాను

స్టిక్, థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే లివర్), కుదిరితే రడ్డర్ పెడల్స్ (ముక్కుని కుడిఎడమలకి తిప్పేవి). పెడల్స్ లేకపోతే మెలితిప్పే స్టిక్ చాలు. హాల్ సెన్సర్ (అయస్కాంతంతో కదలికని కొలిచేది) ఉన్నది కొనండి. పొటెన్షియోమీటర్ ఉన్నవి వాడగా వాడగా అరిగి వణుకుతాయి. ఏది కొన్నా బల్లకి గట్టిగా బిగించండి. జారే స్టిక్‌ని ఏ సెట్టింగూ బాగుచేయలేదు.

2. విండోస్‌లో ఒక చూపు

గేమ్ కంట్రోలర్ల విండో తెరిచి ప్రతి యాక్సిస్‌నీ (స్టిక్, థ్రాటిల్, పెడల్ జరిగే ఒక్కో దిశనీ) ఆ చివర నుంచి ఈ చివర దాకా కదపండి. మధ్యలో గెంతకుండా వెళ్తే సరే. తర్వాత డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌ల పవర్ సేవింగ్ టిక్ తీసేయండి. లేకపోతే పోరాటం మధ్యలో థ్రాటిల్ నిద్రపోతుంది.

3. తుడిచేయడం

డీసీఎస్‌లో ఆప్షన్స్, ఆ తర్వాత కంట్రోల్స్. పైన విమానం పేరు ఎంచుకునేటప్పుడు 'సిమ్' అని ఉన్నదే తీసుకోండి. 'ఈజీ' అని ఉన్నదాంట్లో గంటసేపు బటన్లు పెట్టుకుని, ఏదీ పనిచేయట్లేదని తల పట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు యాక్సిస్ కమాండ్స్ విభాగానికి వెళ్లండి. మీరు గుచ్చిన ప్రతి పరికరానికీ ఒక కాలమ్ కనిపిస్తుంది. అడగకుండానే డీసీఎస్ ప్రతి పరికరం ఎక్స్ యాక్సిస్‌నీ రోల్‌కీ (పక్కకి ఒరగడం), వై యాక్సిస్‌నీ పిచ్‌కీ (ముక్కు పైకీ కిందికీ) ఇచ్చేస్తుంది. పెడల్స్‌లో ఆ రెండూ సాధారణంగా బ్రేకులు. అంటే ఎడమ బ్రేకు తొక్కితే విమానం ఒరుగుతుంది. మొదట్లో చెప్పిన 'డిఫెక్ట్' చాలాసార్లు ఇదే. ఆ విభాగంలో స్టిక్, థ్రాటిల్, పెడల్స్ కాలమ్‌లన్నీ ఖాళీ చేయండి. మౌస్ కాలమ్ జోలికి వెళ్లకండి, మౌస్‌తో చుట్టూ చూడడం అక్కడి నుంచే వస్తుంది.

4. యాక్సిస్‌లు ఇవ్వడం

పిచ్, రోల్ స్టిక్‌కి. రడ్డర్ పెడల్స్‌కి లేదా ట్విస్ట్‌కి. థ్రాటిల్ థ్రాటిల్‌కి. బ్రేకులు పెట్టేటప్పుడు ఇన్వర్ట్ చూసుకోండి. చాలా పెడల్స్‌లో అది తిరగేసి వస్తుంది, అంటే కాలు తీసినప్పుడే బ్రేకు పూర్తిగా పడి ఉంటుంది. ఇంజిన్ ఎంత అరిచినా విమానం అంగుళం కదలకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

5. కర్వ్, డెడ్‌జోన్: అందరూ పాడుచేసేది ఇక్కడే

ఇక్కడ మాత్రం తొందరపడకండి. యాక్సిస్ ట్యూన్ నొక్కితే డెడ్‌జోన్ (మధ్యలో కదిపినా లెక్కలోకి రాని భాగం), సాచురేషన్ (కదలికకి గరిష్ఠ హద్దు), కర్వేచర్ (అదే కర్వ్) అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. చూడగానే అన్నీ తిప్పేయాలనిపిస్తుంది. ఎవరో వీడియోలో చెప్పారని కర్వ్ 30 పెట్టేసుకుంటారు. ఆయన స్టిక్‌కి పొడవాటి ఎక్స్‌టెన్షన్ ఉందా, స్ప్రింగ్ ఎంత గట్టిది అని ఎవరూ అడగరు. పక్కింటాయన కళ్లజోడు పెట్టుకుని రోడ్డెక్కినట్టే ఇది.

కర్వ్ చేసే పని ఇంతే: స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు స్పందన తగ్గిస్తుంది. కానీ పూర్తిగా లాగితే పూర్తి కదలికే రావాలి కదా, కాబట్టి మధ్యలో తగ్గించినదంతా అంచుల దగ్గర కలుపుతుంది. ట్యాంకర్ వెనక ఇంధనం తీసుకునేటప్పుడు స్టిక్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి పెద్ద కర్వ్ హాయిగా అనిపిస్తుంది. డాగ్‌ఫైట్‌లో గట్టిగా లాగి తిరుగుతూ గన్ గురి పెట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. అప్పుడు మీ చెయ్యి కర్వ్‌లోని ఏటవాలు భాగంలో ఉంటుంది, వెంట్రుకవాసి కదిపినా ముక్కు శత్రువుని దాటి పోతుంది.

వరస ఇలా పాటించండి. మొదట అన్నీ సున్నా. గేమ్‌లోకి వెళ్లి కుడి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే మూలన చిన్న పెట్టె వస్తుంది, అందులో గుర్తు మీ స్టిక్ స్థానం. చేతులు తీసేసి చూడండి. గుర్తు మధ్యలో నిలబడితే డెడ్‌జోన్ సున్నాలోనే ఉంచండి. వణికితే 1, అప్పటికీ వణికితే 2. 5 పెట్టాల్సి వస్తోందంటే స్టిక్ మార్చాల్సిన సమయం వచ్చింది.

తర్వాత 15,000 అడుగుల ఎత్తులో 350 నాట్ల దగ్గర హడ్‌లోని (కళ్ల ముందు అద్దం మీది సమాచారం) వెలాసిటీ వెక్టర్ని, అంటే విమానం ఎటు వెళ్తోందో చూపే గుర్తుని, ఒక కొండ కొన మీద పెట్టి నిలపండి. అటూఇటూ ఊగుతూ ఉంటే పిచ్ కర్వ్ 5 పెంచండి, మళ్లీ ఎగిరి చూడండి. ఒక్కసారికి 5 మాత్రమే. హార్నెట్‌లో 15 దాటకండి. రోల్‌కి కూడా అదే అంకె ఇవ్వండి. రెండూ వేరువేరుగా ఉంటే మూలకి లాగినప్పుడు చెయ్యి తడబడుతుంది.

ఊగడానికి కారణం ప్రతిసారీ కర్వ్ కాదు. హార్నెట్ ఫ్లాప్స్ (రెక్కల అంచు పలకలు) ఆటోలో ఉన్నప్పుడు పిచ్ ట్రిమ్ (స్టిక్ పట్టుకోకుండానే ముక్కు నిలిచేలా చేసే సర్దుబాటు) తనే చూసుకుంటుంది. ల్యాండింగ్ కోసం ఫ్లాప్స్‌ని హాఫ్‌కో ఫుల్‌కో దించగానే ఆ పని మీదవుతుంది, యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురుగాలికి రెక్క చేసే కోణం) 8.1 దగ్గర నిలిచేలా మీరే ట్రిమ్ చేయాలి. ట్రిమ్ చేయకుండా ల్యాండింగ్‌లో స్టిక్‌తో కుస్తీ పడుతూ కర్వ్‌ని తిట్టుకోవడం మామూలే.

సాచురేషన్ వై జోలికి అస్సలు వెళ్లకండి. దాన్ని తగ్గిస్తే విమానం నెమ్మదించినట్టు అనిపిస్తుంది, నిజానికి ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) కదలికలో కొంత భాగం మీ చేతికి అందకుండా పోతుంది.

హెలికాప్టర్లలో కర్వ్ సున్నా. అక్కడ స్టిక్ మధ్యలో కూర్చోదు, పక్కకి నెట్టి పట్టుకునే ఎగురుతాం. స్పిట్‌ఫైర్‌కి మాత్రం ఎలివేటర్ మరీ తేలిక కాబట్టి పిచ్‌కి 20 దాకా వెళ్లొచ్చు. సెట్టింగులు విమానానికి విమానానికి విడివిడిగా సేవ్ అవుతాయి, భయం లేదు.

6. థ్రాటిల్, ఆఫ్టర్‌బర్నర్

స్లైడర్ టిక్ పెట్టండి. మీ థ్రాటిల్‌కి మధ్యలో అడ్డు ఉంటే, గేమ్‌లో ఆఫ్టర్‌బర్నర్ (అదనపు ఇంధనం మండించి ఇచ్చే అదనపు తోపు) అంటుకునే చోటు దానికి కలవాలి. ఐఫీ (ఇంజిన్, ఇంధనం వివరాలు చూపే) తెర మీద నాజిల్ (ఇంజిన్ వెనక మూతి) సూచిక చూస్తూ థ్రాటిల్ నెట్టండి. మిలిటరీ పవర్ (ఆఫ్టర్‌బర్నర్ లేకుండా గరిష్ఠ శక్తి) దగ్గర నాజిల్ మూసుకుని, ఆఫ్టర్‌బర్నర్ అంటుకోగానే తెరుచుకుంటుంది. అడ్డుకి ముందే తెరుచుకుంటోందా? యూజర్ కర్వ్ తెరిచి, ఆ స్థానం దగ్గరున్న స్లైడర్‌ని కొద్దిగా కిందికి దించండి. ఆలస్యమైతే పైకి. థ్రాటిల్‌ని చివరిదాకా వెనక్కి లాగినా ఇంజిన్ ఆగదు. ఐడిల్, ఆఫ్‌లకి విడిగా బటన్లు పెట్టాలి.

7. బటన్లు

అసలు విమానంలో ఏ స్విచ్ ఎక్కడుందో మీ స్టిక్ మీద కూడా అక్కడే ఉండాలని పట్టుబట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నాకు కుదరదు. నా నియమం: ఒకే పని, ఏ విమానంలోనైనా ఒకే వేలు. హార్నెట్‌లో వెపన్ సెలెక్ట్ ముందుకి స్పారో, కుడికి ఆమ్రామ్, లోపలికి నొక్కితే సైడ్‌వైండర్ (మూడూ క్షిపణులు), వెనక్కి గన్. ఆ నాలుగింటినీ బొటనవేలు హ్యాట్‌కి (నాలుగు వైపులా నెట్టే చిన్న స్విచ్) ఇచ్చాను. ఎఫ్-16లో ఆయుధాలు మార్చే పని కూడా ఆ హ్యాట్‌దే. ట్రిగ్గర్, ట్రిమ్, ఫ్లేర్లు, స్పీడ్ బ్రేక్ ఎక్కడికెళ్లినా కదలవు. బటన్లు చాలకపోతే చిటికెనవేలు కింది లివర్‌ని మాడిఫయర్‌గా (పట్టుకుని ఉంటే మిగతా బటన్లకి రెండో పని ఇచ్చేది) చేయండి. రెండో మాడిఫయర్ వద్దు, ఒత్తిడిలో ఏది పట్టుకున్నామో గుర్తుండదు.

కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో స్క్రిప్టులు రాయడం కూడా అనవసరం. గేమ్‌లోనే నేరుగా పెట్టుకుంటే ఏదైనా చెడినప్పుడు వెతకాల్సిన చోటు ఒక్కటే ఉంటుంది.

8. దాచిపెట్టడం

సేవ్డ్ గేమ్స్‌లో డీసీఎస్, అందులో కాన్ఫిగ్, అందులో ఇన్‌పుట్ ఫోల్డర్. దాన్ని కాపీ చేసి వేరే డ్రైవ్‌లో పెట్టండి. ఫైలు పేర్లలో పరికరానికి చెందిన పొడవాటి కోడ్ ఉంటుంది. విండోస్ మళ్లీ వేసినా, ఒక్కోసారి యూఎస్‌బీ పోర్ట్ మార్చినా అది మారిపోయి కాలమ్‌లు ఖాళీగా కనిపిస్తాయి. అలా జరిగితే కొత్త కాలమ్ ఎంచుకుని, లోడ్ ప్రొఫైల్ నొక్కి పాత ఫైలు చూపించండి. ఏ కేబుల్ ఏ పోర్ట్‌కో చిన్న స్టిక్కర్ అంటిస్తే ఈ అవసరం అంతగా రాదు.